ముఖానికి తగిన జోడు

నలభై దాటిన మనిషికి చత్వారం రాక తప్పదు. ఆ మాటలోనే నలభై వుంది. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభయ్యే కదా! కంటిలోపలి కటకం వయస్సుతోపాటు బిరుసెక్కి, దగ్గరి వస్తువు చూడడానికి కావలసినట్టు వంగనని మొరాయిస్తుంది. పేపరు చదవాలంటే చెయ్యి చాచాలి. చెయ్యి చాలని రోజున కళ్ళజోడు కొనాలి. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

నా చిక్కు అది కాదు. నాకు రెండు జోళ్ళు కావలసివచ్చాయి. ఒకటి ఆఫీసుకి. రెండోది చీరెకి.

యీ మాట చదివి పత్రిక పక్కన పెట్టేయకండి. నేనూ మీలాంటి సంసారినే. భార్య, ఒక కూతురు, ప్రావిడెంటు ఫండు వున్నవాణ్ణి. పన్నెండో ఏట స్కూలు వార్షికోత్సవంలో నాకు సత్యభామ వేషం వేశారు. నాటకం అయిపోయింది, ముఖాన రంగు కడిగేశారు. ఆ చీరె మీది మోజు మాత్రం కడిగితే పోలేదు. అప్పటినించీ వీలుచిక్కిన ఆదివారం చీరె కట్టుకుని, గంటో రెండు గంటలో యింట్లోనే కూచుంటాను. పుస్తకం చదువుకుంటాను, కాఫీ తాగుతాను. అంతే. ఎందుకని అడిగితే చెప్పలేను, మనస్సు నెమ్మదిస్తుంది. పెళ్ళయిన ఆరో ఏట ధైర్యం చేసి మా ఆవిడతో చెప్పాను. వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదోనాడు వచ్చి, “కుచ్చెళ్ళు అలా కాదు, యిలా” అంది.

మగవాడు చీరె కట్టడం మన తెలుగువాళ్ళకి కొత్తా? సత్యభామగా స్థానం నరసింహారావుగారు ఆంధ్రదేశాన్ని వూపేశారు. 1956లో ఆయనకి పద్మశ్రీ యిచ్చారు. కూచిపూడి భామగా పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మగారికి 1970లో యిచ్చారు. వారిది కళ. నాది కళ కాదు, వారి పక్కన నిలబడే సాహసమూ లేదు. పైగా ద్వాపరయుగపు సత్యభామకి కళ్ళజోడు లేదు. అందుచేత ఆ మహానుభావులెవరూ నా సమస్యకి దారి చూపించలేదు.

చత్వారం వచ్చాక అద్దం ముందు బొట్టు ఎక్కడ పడుతోందో తెలియలేదు. కాటుక కంటికి కాకుండా చెంపకి అంటేది. పోనీ అని ఆఫీసు జోడు పెట్టుకున్నాను. నల్లటి బరువైన నలుచదరపు ఫ్రేము. అద్దంలోంచి, పట్టుచీరె కట్టుకుని మా హెడ్డుగుమాస్తా నాకేసి వురిమి చూశాడు.

ఒక సాయంత్రం ఒంటరిగా కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాను. “మా వదినగారికి” అన్నాను.

“ఆవిణ్ణి తీసుకురండి సార్. ముఖం చూడకుండా ఎలా యివ్వను?” అన్నాడు షాపు కుర్రాడు.

ఆవిడ రాలేదని బొంకి, చేతికందిన సన్నటి గులాబీరంగు జోడు పట్టుకొచ్చాను. కణతలు నొక్కేసింది. అరగంటలో తలనొప్పి. మా ఆవిడ దాన్ని అటూ యిటూ తిప్పి చూసి, “ఎవరికో కొన్నట్టు కొంటే ఎవరికో సరిపోతుంది. మీకని చెప్పి కొనండి” అంది.

“నలుగురిలోనా?”

“నేనూ వస్తాను, పదండి.”

ఆ శనివారం వేరే షాపుకి వెళ్ళాం. పెద్దాయన ఒకరు బల్లవెనక కూచున్నారు. మా ఆవిడ సూటిగా, “ఆడవాళ్ళ ఫ్రేములు చూపించండి. యీయనకే” అంది. నా చెవులు కాలిపోయాయి. ఆయన నా ముఖం ఒక్క క్షణం చూశారు. ఆ క్షణం నాకు చాలా పొడుగనిపించింది.

“ముఖం వెడల్పు. చిన్నవి పట్టవు” అన్నారాయన, అరలోంచి ట్రే తీస్తూ. అంతే! నేను యిరవై యేళ్ళు భయపడ్డది యీ ముక్కకా?

ఆయన చెప్పిన సంగతులు ఎవరికైనా పనికొస్తాయి గనక రాస్తున్నాను. ఫ్రేము కాడ లోపలివైపు మూడు అంకెలుంటాయి. మొదటిది అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీద రెండు అద్దాల మధ్య ఎడం, మూడోది కాడ పొడుగు, అన్నీ మిల్లీమీటర్లే. నేను తెచ్చుకున్న గులాబీ జోడు 48. నాకు పట్టేది 54. ఆడవాళ్ళ ఫ్రేముల్లోనూ ఆ కొలతవి దొరుకుతాయి, అడగాలి. కంటిపాపల మధ్య దూరం మాత్రం విధిగా కొలిపించుకోవాలి.

ఇక పోలిక. పైన బల్లపరుపుగా మందంగా వున్న ఫ్రేము రెండో కనుబొమలా నిలబడి ముఖాన్ని కరుకు చేస్తుంది. పైఅంచు కనుబొమ వంపుని అనుసరించాలి. కొసలు కణతలవైపు పైకి లేస్తే చూపరుల దృష్టి పైకి పోతుంది. బరువైన దవడ మీద నిలవదు. ముక్కు పొడుగైతే మధ్యభాగం కాస్త కిందికి ఆనేది తీసుకుంటే పొట్టిగా కనిపిస్తుంది. కారునలుపు కన్న ముదురు ఎరుపూ, తేనెరంగూ మెత్తన. చత్వారపు అద్దం కళ్ళని పెద్దవిగా చూపిస్తుంది. కాటుక అందమూ పెరుగుతుంది, వంకరా పెరుగుతుంది. వెలుతురు తిరిగి కొట్టకుండా పూత వేయించుకుంటే అద్దం వెనక కళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి.

అలా కొసలు లేచిన ఫ్రేముని పిల్లికన్ను అంటారు. 1930ల చివర న్యూయార్కులో అల్టీనా షినాసి అనే ఆవిడ వెనీసు వుత్సవాల ముసుగుల్ని తలుచుకుని కల్పించింది. 1939లో దానికి బహుమతి కూడా వచ్చింది. వేషాల ముసుగులోంచి పుట్టిన జోడు నాకు నప్పిందంటే వింతేముంది?

చివర బిల్లు పుస్తకం తెరిచి, “పేరు?” అన్నారు పెద్దాయన. వదినగారి పేరు నాలిక చివరిదాకా వచ్చింది. మా ఆవిడ నాకేసి చూసింది. నా పేరే చెప్పాను.

మీ యింట్లో ఎవరైనా తమకి కావలసినది ‘వదినగారికి’ అని కొంటున్నట్టు తోస్తే, నవ్వకండి. వీలైతే షాపుదాకా తోడు వెళ్ళండి.

ఆ ఆదివారం బొట్టు నడిమధ్య పడింది.