చేతికి తగిన పాళీ

మానవుడు వ్రాతకొరకు ఎన్ని పనిముట్లు కల్పించుకొన్నను వాని యన్నింటికిని మొనయే ప్రాణము. తాటియాకుపై వ్రాసిన ఘంటమునకు ఇనుపమొన; కాగితముపై వ్రాసిన రెల్లుకలమునకు చెక్కిన మొన; సిరాను తన కడుపులోనే దాచుకొనిన ఫౌంటెన్ పెన్నునకు పాళీ. కలము సొగసు కంటికి మాత్రమే చెందును. పాళీ గుణము అక్షరమునకు చెందును. అయినను నేడు కలము కొనువారిలో పలువురు మూత మెరుగును, ఒంటి రంగును, పాళీ పొడవును చూతురేగాని ఆ పాళీతో తాము వ్రాయబోవు అక్షర మెట్టిదని విచారింపరు. పాళీ ఎంత పెద్దదైన కలము అంత గొప్పదను భ్రమ యొకటి లోకమున వ్యాపించినది. ఆ భ్రమ తగదనియు, పాళీని చేతికిని, లిపికిని, కాగితమునకును తగినట్లు ఎన్నుకొనవలెననియు నా యభిప్రాయము.

చేత చేసిన కలము మన తెలుగువారికి క్రొత్తది కాదు. రాజమహేంద్రవరమున కోసూరి వెంకటరత్నముగారు నెలకొల్పిన రత్నం కలముల పని 1930 తరువాతి సంవత్సరములలో ప్రసిద్ధికెక్కెను. విదేశీ వస్తువునకు మారుగా స్వదేశీ వస్తువు కావలెనన్న ఆశయమునుండి పుట్టిన పని యది. ఆయన పంపిన కలమును వాడిచూచి, అంగళ్లలోని విదేశీ కలములకు బదులుగా ఇది చక్కగా పనికివచ్చునని గాంధీమహాత్ములు 1935 జూలైలో ఆయనకు లేఖ వ్రాసిరి. ఇందొక విశేషము కలదు. మహాత్ములు ఆ కలమును చూచి మెచ్చలేదు, వ్రాసి మెచ్చిరి. మీరును అట్లే చేయవలెను. హైదరాబాదున ఆబిడ్సులో 1928లో వెలసిన దక్కన్ పెన్ స్టోర్స్ వారును చేత చేసిన కలములను తమ పేర విక్రయించిరి. నేను నివసించు యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ యొకటి కలదు. అది 1960లో ఢిల్లీలో పుట్టి, 1962లో హైదరాబాదునకు తరలివచ్చినది. పరిశ్రమ నడపువారికి శిక్షణ కావలసినట్లే, ఆ వస్తువును కొనువారికిని కొంత తెలివి కావలెను. కొనువాడు తనకు కావలసినది ఏదియో ఎరుగనిచో పనివాని నేర్పు వ్యర్థమగును.

ఇట్టి కలము ఎట్లు తయారగునో మొదట తెలిసికొనవలెను. గంధకముతో కాచి గట్టిపరచిన రబ్బరునకు ఎబొనైటు అని పేరు. పనివాడు ఆ కడ్డీని లేతు యంత్రమునకు బిగించి త్రిప్పుచు, ఉలితో చెక్కి, ఒడలిని, మూతను, వ్రేళ్లతో పట్టుకొను భాగమును వేరువేరుగా తీయును. పట్టుభాగము నడుమ ఒక రంధ్రము తొలుచును. ఆ రంధ్రములో పాళీయు, దాని క్రిందనుండు నల్లని నాలుకయు కలిసి బిగువుగా కూర్చుండును. నాలుకపై సన్నని కాలువలుండును. సిరా ఆ కాలువలగుండ మొనకు వచ్చును. దిగిన సిరాకు బదులుగా గాలి లోనికి పోవును. ఇట్టి కాలువల నాలుకకే అమెరికా దేశీయుడగు వాటర్‌మన్ 1884లో హక్కుపత్రము పొందెను. ఒకమారు పెద్దదిగా తొలిచిన రంధ్రములో చిన్న పాళీ నిలువదు. కావున పాళీ ఎంత యుండవలెనను నిర్ణయము కలము తయారైన పిమ్మట చేయునది కాదు. కడ్డీ లేతునకు ఎక్కకముందే చేయునది.

పాళీ కొలత యనగా రెండు వేరు సంగతులు. ఈ రెంటిని కలిపివేయుటచేతనే పొరపాట్లన్నియు కలుగుచున్నవి. మొదటిది పాళీ యొడలి కొలత. దీనిని 5, 6 అను సంఖ్యలతో చెప్పుదురు. 5వ సంఖ్య పాళీ సుమారు 5 మిల్లీమీటర్ల లావుగల నాలుకపై కూర్చుండును. 6వ సంఖ్య పాళీకి 6 మిల్లీమీటర్లకు కొంచెము హెచ్చు లావు కావలెను. ఈ 6వ సంఖ్య పాళీ పొడవు ఇంచుమించు 35 మిల్లీమీటర్లు. రెండవది మొన కొలత. అతిసన్నము, సన్నము, మధ్యమము, వెడల్పు అను పేర్లతో దీనిని తెలుపుదురు. కాగితముపై పడు గీత లావును నిర్ణయించునది ఈ రెండవ కొలతయే. 6వ సంఖ్య పాళీకి అతిసన్నని మొన యుండవచ్చును. 5వ సంఖ్య పాళీకి వెడల్పు మొన యుండవచ్చును. ఏనుగు పెద్దదైనను దాని కన్ను చిన్నది కదా! ఒడలు చూచి మొనను ఊహింపరాదు.

ఒడలి కొలతను చేతిని బట్టి నిర్ణయింపవలెను. పెద్ద పాళీకి పెద్ద రంధ్రము, పెద్ద రంధ్రమునకు లావైన పట్టుభాగము, పొడవైన పాళీకి లోతైన మూత అవసరమగును. ఇట్లొకటి పెరిగిన అన్నియు పెరుగును. పాళీ పొడవైనకొలది వ్రేళ్లకును మొనకును నడుమ దూర మెక్కువగును. పదమూడేండ్ల బాలుని వ్రేళ్లు లావైన కలమును చుట్టి పట్టజాలవు. పట్టినను మొన వాని యదుపులో నుండదు. వ్రేళ్లు బిగిసి, మణికట్టు నొచ్చి, రెండు పుటలు వ్రాయునప్పటికి అక్షరములు వంకరపోవును. ఇందుకు బాలుని సోమరితనమును నిందించుట న్యాయము కాదు. అన్నగారి చెప్పులు తొడిగి తమ్ముని పరుగెత్తుమనుట ఎట్టిదో ఇదియు నట్టిదే. ఎనిమిదవ తరగతి పిల్లలలో పెక్కుమందికి 5వ సంఖ్య పాళీయే చాలును. చేయి పెద్దదైనవారు, లావైన కలమును అలవోకగా పట్టగలవారు 6వ సంఖ్యను కోరవచ్చును. అంతకు మించినది విద్యార్థులకు అలంకారమే.

ఇక మొన కొలతను లిపిని బట్టి నిర్ణయింపవలెను. మన తెలుగు లిపి గుండ్రనిది. పైన తలకట్టును గుడియు, క్రింద ఒత్తులును కలది. నోటుపుస్తకమునందలి రెండు గీతల నడుమ ఎడము సుమారు 8 మిల్లీమీటర్లు అనుకొందము. అందులో పైభాగము గుణింతపు గుర్తులకును, క్రిందిభాగము ఒత్తులకును పోగా అక్షరమునకు మిగులునది 3 మిల్లీమీటర్లు. ఒత్తునకు 2 మిల్లీమీటర్లు. ఇప్పుడు ‘అర్థము’, ‘అర్ధము’ అను రెండు మాటలను చూడుడు. మొదటిదానికి భావము, ప్రయోజనము అని తాత్పర్యము. రెండవదానికి సగము అని తాత్పర్యము. ఈ రెంటికిని వ్రాతలో భేద మెక్కడ నున్నది? ఒత్తు కడుపులోని ఒక్క చుక్కలో నున్నది.

లెక్క వేయుదము. వెడల్పు మొన గీత లావు సుమారు 1 మిల్లీమీటరు. 2 మిల్లీమీటర్ల ఒత్తునకు ఇరుప్రక్కల గీతలే 2 మిల్లీమీటర్లు ఆక్రమించును. లోపల చుక్కకు చోటే లేదు. ఒత్తంతయు సిరాముద్ద యగును. సన్నని మొన గీత సుమారు అర మిల్లీమీటరు. ఇరుప్రక్కల గీతలు 1 మిల్లీమీటరు తీసికొనగా లోపల 1 మిల్లీమీటరు మిగులును. అందులో అర మిల్లీమీటరు చుక్క హాయిగా ఇముడును. కావున వెడల్పు మొనతో నోటుపుస్తకమున వ్రాసినవాని అర్థము అర్ధమైపోవును! ‘పలము’ తూనికలో నొక కొలత, ‘ఫలము’ పండు. ‘దార’ భార్య, ‘ధార’ ప్రవాహము. ఇట్టి భేదములన్నియు చిన్నగీతలపైననే నిలిచియున్నవి. పరీక్షాపత్రమును దిద్దువాడు ఆ గీత కనబడనిచో వ్రాసినవాని జ్ఞానమును శంకించునేగాని వాని పాళీని శంకింపడు. అందుచేత తెలుగు వ్రాయు విద్యార్థికి సన్నని మొనయే ఉత్తమమని నా నిశ్చితాభిప్రాయము.

ఈ మాట మన లిపికే కాదు, లోకమందలి ప్రతి లిపికిని చెల్లును. జపాను దేశీయుల అక్షరములలో కొన్నింటికి పది పదునైదు గీతలకు పైగా ఉండును. అందుచేతనే 1911లో మొదలైన సెయిలర్, 1918లో మొదలైన పైలట్ వంటి అక్కడి కంపెనీలు సన్నమని చెప్పు మొన ఐరోపావారి సన్నపు మొనకంటె మరింత సన్నముగా నుండును. కావున పేరు చూచి మోసపోరాదు. గీత చూచి తెలిసికొనవలెను. ఉర్దూ వ్రాతగాండ్ర పద్ధతి వేరు. వారి లిపికి సన్నని గీతయు లావు గీతయు కలిసిననే అందము. అందుకొరకు రెల్లుకలమును వాలుగా చెక్కుదురు. అంతేకాదు, ఆ కలముతో పెట్టిన చుక్కనే కొలబద్దగా గైకొని, ఈ అక్షరము ఇన్ని చుక్కల పొడవుండవలెనని నియమించుకొందురు. మా యూసుఫ్‌గూడకు చేరువనున్న పంజగుట్టలో, డాక్టరు మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారి పూనికతో 1931లో స్థాపితమైన ఇదారె అదబియాతె ఉర్దూ సంస్థ అనేక వ్రాతప్రతులను సేకరించి భద్రపరచినది. వ్రాతప్రతులను చూచు నవకాశము కలిగినపుడు కలపు మొనకును అక్షరపు పొడవునకును గల పొత్తును గమనింపుడు. మొన అక్షరమును కొలుచుట వారి పద్ధతి. అక్షరమును బట్టి మొనను కొలుచుట మన పద్ధతి. రెంటిలోను పొత్తు తప్పరాదనునదే నీతి.

కాగితమును గూర్చియు ఒక మాట. నున్నని గట్టి కాగితముపై సిరా గీసినచోటనే నిలుచును. పలుచని గరుకు కాగితము సిరాను పీల్చి ప్రక్కలకు ప్రాకించును. సన్నపు గీత మధ్యమమగును, మధ్యమము వెడల్పగును. పాఠశాలలో మనకు లభించు కాగితము ఎల్లప్పుడు శ్రేష్ఠమైనది కాదు. ఇదియు సన్నని మొనకే అనుకూలమైన కారణము. అయితే అతిసన్నని మొన గరుకు కాగితమును గీరి, నూలుపోగులను చీలికలో ఇరికించుకొనును; చేయి అదిమి వ్రాయువారికి అది ముల్లువలె గ్రుచ్చును. కావున సన్నపుదనమునకును హద్దు కలదు.

పెద్ద పాళీని మెచ్చువారి వాదమును కాదనరాదు. లావైన కలమునకు చిన్న పాళీ తగిలించిన అది పెద్ద తలపాగా క్రింద చిన్న ముఖమువలె నుండునని వారందురు. నిజమే. వ్రేళ్లు నొచ్చు వృద్ధులకు లావు కలము సుఖము. చూపు మందగించినవారికి లావు గీత మేలు. గోడపత్రికకు శీర్షిక వ్రాయుటకు వెడల్పు మొనయే కావలెను. వీని నన్నింటిని నేను అంగీకరింతును. కాని ఇవన్నియు నా మాటనే బలపరచుచున్నవి. పని చూచి, చేయి చూచి పాళీని ఎన్నుకొనవలెను. గొప్పకొరకు ఎన్నుకొనుటయే కూడదు. మఱికొందరు, కలముతో పనియేమి, యంత్రముపై అక్షరములు నొక్కిన చాలదా అందురు. పరీక్ష చేతితో వ్రాయుచున్నంతకాలము, బాలుడు అక్షరమును చేతితో నేర్చుచున్నంతకాలము ఈ ప్రశ్నకు వేరు సమాధానము అక్కరలేదు.

విద్యార్థులారా! కలము కొనబోవునపుడు మీ నోటుపుస్తకమును వెంట తీసికొనిపొండు. అంగడివారి నున్నని కాగితముపై సున్నలు చుట్టియు, సంతకము చేసియు తృప్తిపడకుడు. సంతకము ఏ పాళీతోనైనను అందముగనే యుండును. మీ కాగితముపై, మీరు నిత్యము వ్రాయు వేగముతో, ఐదు పంక్తులు తెలుగు వ్రాయుడు. అందులో థ, ధ, ఢ, భ, ఫ అక్షరములును, ‘అర్థము’, ‘స్వాస్థ్యము’ వంటి మాటలును ఉండునట్లు చూచుకొనుడు. సిరా ఆరిన పిమ్మట చేయి చాచి దూరమునుండి చదువుడు. ఒత్తులు విడివిడిగా కనబడినచో మొన తగినది. వ్రేళ్లు నొవ్వనిచో ఒడలు తగినది. తరువాత పనివానిని మఱియొక ప్రశ్న అడుగుడు: “ఈ పాళీ అరిగినను విరిగినను ఇదే కొలతది మరల దొరకునా?” సులభముగా లభించు కొలతను ఎన్నుకొనినవాని కలము బహుకాలము బ్రదుకును. అపురూపమైన కొలతను కోరినవాని కలము పాళీ పోయిన దినముననే మూలబడును. ఖరీదైన కలము కొనుటకు తొందర వలదు. మీ చేతివ్రాత కుదురుకొనువరకు చవుక కలమైనను సన్నని మొనతో సాధన చేయుడు. ఈ పరీక్ష దానికిని వర్తించును.

చేత చేసిన కలమునకు గల గొప్పతనము ఖరీదులో లేదు. ఒక చేతి కొలత తెలిసికొని మఱియొక చేయి దానిని చేయుటలో నున్నది. వేలకొలది కలములను ఒక్క అచ్చున పోయు కర్మాగారము మీ వ్రేళ్లను అడుగదు. లేతు ముందు కూర్చున్న పనివాడు అడుగును. ఆయన అడిగినపుడు “అన్నింటికంటె పెద్దది ఇమ్ము” అనువాడు ఆ ప్రశ్నను పోగొట్టుకొన్నవాడే. “నా చేయి ఇది, నా అక్షర మిది, నా కాగిత మిది, వీనికి తగిన పాళీ నిమ్ము” అని చెప్పగలవాడు తన చేతివ్రాతను కాపాడుకొనును, ఆ పనివాని విద్యకును గౌరవము చేకూర్చును.