'నాకు రాదన్నా' అనకండి

మన హాస్టల్లో ఎవరినైనా బొమ్మ గీయమంటే వచ్చే మొదటి జవాబు, 'నాకు రాదన్నా'. గీయగలిగినవాడు ఒక్కడుంటాడు. వార్షికోత్సవం బ్యానరు నుంచి సైన్సు రికార్డుల దాకా అందరికీ వాడే గీసిపెట్టాలి. బొమ్మ పుట్టుకతో రావాలన్న ఈ నమ్మకం మనకు నష్టం చేస్తున్నదని నా అభిప్రాయం.

తమ్ముళ్లారా, చుట్టూ చూడండి. ట్రంకుపెట్టె దీర్ఘఘనం. నీళ్ల డ్రమ్ము స్థూపం. బత్తాయి గోళం. మిర్యాలగూడ మిల్లుకు పోవాల్సిన వడ్లు కల్లంలో కుప్ప పోస్తే శంకువు. బకెట్టు అంటే కొన కోసి తలకిందులు చేసిన శంకువే. పదో తరగతిలో వీటికి ఘనపరిమాణం కట్టి మార్కులు తెచ్చుకుంటాం, గీయమంటే మాత్రం వెనక్కి జరుగుతాం. ఫ్రెంచి చిత్రకారుడు పాల్ సెజాన్ 1904లో ఎమిల్ బెర్నార్డ్‌కు రాసిన ఉత్తరంలో ఇచ్చిన సలహా కూడా ఇదే: ప్రకృతిని స్థూపం, గోళం, శంకువులుగా చూడమని.

చిక్కంతా అంచు దగ్గరే. బకెట్టు మూతి గుండ్రమని తెలుసు కాబట్టి గుండ్రంగా గీసేస్తాం. నిలబడి చూస్తే కంటికి కనబడేది దీర్ఘవృత్తం. కంటి ఎత్తుకు లేపి పట్టుకుంటే అదే మూతి ఒట్టి గీతైపోతుంది. పైనుంచి చూసేటప్పుడు అడుగు కూడా వంపుగానే రావాలి. అడ్డగీత కొడితే బకెట్టు నేలమీద కూర్చున్నట్టు ఉండదు. ముందు మధ్యలో సన్నగా ఒక నిలువు గీత గీసి, అటూ ఇటూ సమానంగా చూసుకోండి. చేయి చాచి పెన్సిల్‌తో ఎత్తు, వెడల్పు కొలవండి. పిడి, నీడ చివర్లో. మొదటి పది బకెట్లు వంకరగానే వస్తాయి, రానివ్వండి.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. బడి మొహం చూడని మా అమ్మ చుక్కలు పెట్టి, స్కేలు లేకుండా, నాలుగు వైపులా సరిపోయే ముగ్గు వేస్తుంది. అదీ జ్యామితే.

ఇదంతా సరదాకు చెప్పడం లేదు. పాలిటెక్నిక్‌లో సివిల్, మెకానికల్ తీసుకుంటే మొదటి ఏడాదే ఇంజనీరింగ్ డ్రాయింగ్ ఎదురొస్తుంది. ఒక వస్తువు పైనుంచి, ముందునుంచి, పక్కనుంచి ఎలా కనబడుతుందో గీయాలి. లెక్కలు బాగా వచ్చిన మనవాళ్లు అక్కడ ఆగిపోవడం చూశాను. బడిలోనేమో పరీక్షలు దగ్గరపడితే ముందు పోయేది డ్రాయింగ్ పీరియడే. ప్రభుత్వ పరీక్షల విభాగం డ్రాయింగులో లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు పెడుతుందని మనలో ఎందరికి తెలుసు?

వార్డెన్ సారుకు ఒక విన్నపం. ఆదివారం ఒక్క గంట ఇప్పించండి. రంగులు అక్కర్లేదు, పాత నోటుబుక్కుల్లో మిగిలిన పేజీలు చాలు. హాలు మధ్యలో ఒక బకెట్టు, అందులో సాంబారు గంటె, చుట్టూ పిల్లలు. ఒక్కొక్కరికి ఒక్కో వైపు కనబడుతుంది గనుక పక్కవాడిది చూసి కొట్టడానికీ వీలుండదు.