ఆ సీసా మీద పరీక్ష ఫలితం అచ్చు వేయాల్సిందే!

మా కాలనీలో ఆటో నడిపే పెద్దాయన స్టెంటు వేయించుకుని ఏడాది తిరగలేదు. టీవీలో అరగంట కార్యక్రమం చూసి మూలికల రసం సీసా తెప్పించుకున్నాడు. అట్టపెట్టె మీద అర్జున బెరడు, వెల్లుల్లి రెబ్బల బొమ్మలు, కింద ఎర్రక్షరాలతో ‘రక్తంలో కొవ్వు మాయం’. కొవ్వు తగ్గడానికి డాక్టరు రాసిన, రాత్రిపూట వేసుకునే స్టాటిన్ మాత్ర మానేశాడు. ఇప్పుడు రెండో గుండెపోటుతో ఐసీయూలో ఉన్నాడు.

మొక్కల్లో మందు లేదని మేం అనడం లేదు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే షుగరు రోగులకు మెంతిపిండి పెట్టి, చెడ్డ కొవ్వు తగ్గిందని 1990లో చూపించారు. అయితే వాళ్లు పెట్టింది రోజుకు 100 గ్రాములు, రెండు పూటలా రొట్టెల్లో కలిపి! మూతతో కొలిచి తాగే రసంలో మెంతులు ఏపాటి?

గుగ్గులు సంగతి చూడండి. కొవ్వుకు అది మందన్న సుశ్రుతుడి మాట పట్టుకుని పరిశోధకురాలు జి.వి. సత్యవతి గారు బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో కుందేళ్ల మీద పరీక్షించారు. 1966లో ఆ ఫలితాలు సమర్పించారు. ఆ తర్వాత లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ దాన్ని మందుగా తయారుచేసింది. మన దేశపు పరీక్షల్లో కొవ్వు తగ్గింది. 2003లో అమెరికాలో 103 మంది మీద 8 వారాలు పరీక్షిస్తే ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొవ్వు తగ్గకపోగా పెరిగింది, కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. వెల్లుల్లిని స్టాన్‌ఫర్డ్‌లో 192 మందికి 6 నెలలు ఇచ్చారు, ఎల్‌డీఎల్ కదల్లేదు. ఈ ముక్క ఏ సీసా మీదైనా చదివారా?

చదవలేరు, ఎందుకంటే తయారీదారులు దాచేశారు! తెలిసి దాచారు. గుండెజబ్బు నయం చేస్తామని ప్రకటించడం మందుల ప్రకటనలపై 1954లో వచ్చిన చట్టం ప్రకారమే నేరం. ఆయుర్వేద మందుల ప్రకటనకు ముందుగా అనుమతి తీసుకోవాలని 2018లో ఔషధ నియమావళిలో 170వ నిబంధన తెచ్చారు. 2024 జూలైలో ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్నే ఎత్తేస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. ఎవరి మేలు కోరి? ఐసీయూ బయట నేల మీద పడుకున్న ఆ పెద్దాయన ఇల్లాలి మేలు కోరి మాత్రం కాదు.

పరీక్ష ఫలితం చూపమంటే ఆయుర్వేదం మీద దాడి అంటారు. సత్యవతి గారు పరీక్షకు జంకలేదే! పరీక్షల ఖర్చు భరించలేమంటారు. టీవీలో రోజూ అరగంట కొనేవాళ్లకు ఇది భారమా?

కొవ్వు తగ్గిస్తుందని చెప్పే ప్రతి సీసా మీద ఎంతమందికి, ఏ మోతాదులో, ఎన్ని వారాలు ఇస్తే ఎంత శాతం తగ్గిందో తెలుగులో అచ్చు వేయాలి. వేయనిదాన్ని దుకాణంలో ఉంచనివ్వకూడదు. ప్రకటనలకు ముందస్తు అనుమతి ఉండి తీరాలి. మీ ఇంట్లో అలాంటి సీసా ఉంటే బిల్లుతో సహా తీసుకురండి, అందరం కలిసి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు ఇద్దాం. ఈలోగా డాక్టరును అడక్కుండా మాత్ర ఆపకండి.