తాజా బీరు - తాటి కల్లు

మధురవాడ కొండలపై కంప్యూటరు కార్యాలయములు వెలసినది మొదలు విశాఖపట్టణపు అలవాట్లు శీఘ్రముగ మారుచున్నవి. సీసాలోని బీరుతో తృప్తిచెందక, అక్కడికక్కడ కాచి తాజాగ నందించు బీరును కోరు యువకులు పెక్కురు. బెంగుళూరున ఇట్టి చిన్న కార్ఖానాలు దశాబ్దమునకు పైగా నడచుచున్నవి. తెలంగాణమున 2015 నాటి నిబంధనలతో అవి హైదరాబాదునకు వచ్చినవి. ఈ మోజు మన తీరమున వేళ్లూనక పూర్వమే దానిని గూర్చి యోచించుట పౌరుల విధి.

ఈ విద్యలో మర్మమేమియు లేదు. యవలను మొలకెత్తించి, ఆరబెట్టి, నలిపి, వేడినీట నానబెట్టుదురు. ఆ తీపినీటిని హాప్సు అను చేదుపూవులతో మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి పులియబెట్టుదురు. వెచ్చదనమున త్వరగా పులిసినది ఏలు; చలువలో వారములకొలది నిలిచినది లాగరు; మాడ్చిన గింజలతో నల్లనైనది స్టౌటు. పెద్ద కంపెనీలు ఒకే రుచిని లక్షల సీసాల నింపుచుండ, చిన్నవారు పలు రుచులను ప్రయత్నింతురు.

పెద్ద కంపెనీల నడవడి యెట్టిదో ఇటీవలి సంగతులే చెప్పుచున్నవి. 2009 మొదలు 2018 వరకు ధరలను గూర్చి లోలోపల కూడబలుకుకొన్నారని నిర్ణయించి, కాంపిటీషన్ కమీషను 2021 సెప్టెంబరులో యునైటెడ్ బ్రూవరీసుపై సుమారు 752 కోట్లు, కార్ల్స్‌బర్గుపై సుమారు 121 కోట్లు జరిమానా విధించినది. 1915లో దక్షిణదేశమున పుట్టిన యునైటెడ్ బ్రూవరీసు 2021లో డచ్చి కంపెనీయగు హైనెకెన్ వశమైనది. ధరలు పెంచలేదనియు, బకాయిలు తీర్చలేదనియు 2025 జనవరిలో ఆ కంపెనీ తెలంగాణమునకు కొన్నాళ్లు సరఫరా నిలిపినది; మరుసటి నెలలో ధరలు నూటికి 15 వంతున పెరిగినవి. పెద్దలకు పోటీగా చిన్నవారు రావలెనను వాదము కొట్టివేయదగినది కాదు.

కాని చిన్నదైనంత మాత్రమున స్వదేశి యగునా? యవలు మన ప్రాంతపు పంట కాదు. హాప్సు అధికభాగము విదేశములనుండి వచ్చును. ఒక లీటరు బీరునకు పలు లీటర్ల నీరు ఖర్చగును. వేసవిలో ట్యాంకరుకై కనిపెట్టుకొని యుండు కాలనీలున్న పట్టణమున ఇది చిన్న మాట కాదు. మన చోళ్ళు, మన బియ్యము వాడినచో రైతునకు కొంత మేలు కలుగును. ఆ షరతును అనుమతిపత్రములోనే వ్రాయవలెను.

అంతకంటె ముఖ్యమైన న్యాయ మొకటి కలదు. తాజాగ పులిసి, నిలువయుండని పానీయము మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. తాటిచెట్టు దానిని ఏనాటినుండియో ఇచ్చుచున్నది. గాజుగదిలో పులిసినది నాగరికత, కుండలో పులిసినది మోటుతన మనుట యెక్కడి నీతి? 2024 అక్టోబరునుండి మన రాష్ట్రమున మద్యము దుకాణములు తిరిగి ప్రైవేటువారి పాలైనవి. వానికి తోడుగా పదవవంతు గీత కులములకు ప్రత్యేకించిరి. మంచిదే, కాని అచ్చట యాత, శ్రీశయన, గౌడ, శెట్టిబలిజ, ఈడిగ సోదరు లమ్మునది తమ చెట్టు ఫలము కాదు, కంపెనీల సీసాలు. ప్రాణము లొడ్డి చెట్టెక్కు వానికి మంచి మోకు, కల్తీ పట్టు పరీక్ష, పులియని నీరాను చల్లగ నిలుపు ఏర్పాటు కావలెను. హైదరాబాదున 2023లో నీరా కేఫు తెరచిరి. పందిరిమామిడి పరిశోధన స్థానము తాటిపై కృషి చేయుచున్నది. ఆ పని విశాఖ తీరమునకు రానేల కూడదు?

మేము పానమును ప్రోత్సహించువారము కాము. రాజ్యాంగపు 47వ అధికరణము మత్తుపానీయముల నిషేధమునకై యత్నింపుమని ప్రభుత్వమును ఆదేశించుచున్నది. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడగా 1993లో సారా ఆగినది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లో సడలినది. ఖజానా ఆశ ఆనాటి పట్టుదలను ఎట్లు కరగించినదో దేశమెరుగును.

కావున చిన్న బీరు కార్ఖానాలకు అనుమతి నిచ్చువారు మూడింటికి కట్టుబడవలెను. నీటి లెక్క బహిరంగముగ నుండవలెను. బడుల చేరువను, నివాసముల నడుమను దుకాణము పెట్టనీయరాదు. గాజుగదికి చూపిన ఆదరము తాటితోపునకును చూపవలెను. ఈ మూడును చేయజాలనినాడు, క్రొత్త అనుమతు లీయకుండుటయే మేలు.