కూలిన కొబ్బరిచెట్టు ఎవరి పాపమును చెప్పుచున్నది?



మన ప్రభువు పిచ్చుకను చూపి బోధించెను. అడవి పువ్వును, ఆవగింజను, పులిసిన పిండిని, పోయిన నాణెమును చూపి బోధించెను. కావున మన కాపరులు వరిచేనిని, వంశధార వరదను, జీడితోటను చూపి ప్రసంగించునప్పుడు నాకు సంతోషమే. అక్షరము రాని అవ్వకు సైతము పొలము చదువ వచ్చును. అయితే చదువుట వేరు, సరిగా చదువుట వేరు. మనలో కొందరు సృష్టిని తప్పుగా చదువుచున్నారు. ఆ తప్పును గూర్చియే ఈ నాలుగు మాటలు.

2018 అక్టోబరు 11వ తేది తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటెను. తిత్లీ అనగా సీతాకోకచిలుక. పేరు సుకుమారమే గాని, గాలి గంటకు 140 కిలోమీటర్లకు పైబడి వీచెను. ఉద్దానములో కొబ్బరిచెట్లు వేళ్లతో పెకలి పడెను. జీడితోటలు నేలమట్టమాయెను. కొబ్బరి నాటిన ఆరేడేండ్లకు గాని కాపునకు రాదు. తండ్రి నాటినది కొడుకు కోయును. అట్టి చెట్లు ఒక్క రాత్రిలో పోయెను. అంతకు నాలుగేండ్లు ముందు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణము వద్ద తీరము దాటి విజయనగరము జిల్లాను కూడ కుదిపివేసెను.

అట్టి దినముల తరువాత మన నోట వచ్చు మాట యేది? "విగ్రహములకు మ్రొక్కు ఊరిమీద దేవుని కోపము దిగినది" అని కొందరందురు. "వాడు కానుక ఇయ్యలేదు, వాని తోట పోయినది" అని మరికొందరందురు. సహోదరుడా, నీ గట్టుకు ఈవల చెట్టు పడినప్పుడు అది శోధన. ఆవల చెట్టు పడినప్పుడు అది శిక్షయా? ఒకే గాలికి రెండు పేరులు పెట్టు అధికారము నీకెవరిచ్చిరి? ప్రార్థన చేయు ఇంటివారి చెట్లును కూలెను, చేయని ఇంటివారి చెట్లును కూలెను. తండ్రి తన సూర్యుని, తన వానను మంచివారికిని చెడ్డవారికిని సమానముగా ఇచ్చుచున్నాడని కొండమీద మన ప్రభువు చెప్పలేదా?

యోబు స్నేహితులను తలంచుకొనుడి. వారు ఏడు దినములు నేలను కూర్చుండి మౌనముగా నున్నంతకాలము మంచి స్నేహితులే. నోరు తెరచి "నీ పాపమే దీనికి కారణము" అనుట మొదలుపెట్టిన తరువాతనే చెడిరి. కడకు దేవుని కోపము యోబుమీద గాక ఆ స్నేహితులమీదనే రగులుకొనెను.

లూకా సువార్త 13వ అధ్యాయము తెరువుడి. సిలోయము గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చిరి. వారు ఇతరులకంటె ఎక్కువ పాపులా? కారని ప్రభువు తేటగా చెప్పి, వినువారినే మారుమనస్సు పొందుడనెను. వెంటనే ఆయన ఒక చెట్టు కథ చెప్పెను. మూడేండ్లుగా కాయని అంజూరపు చెట్టును నరికివేయుమని యజమానుడనగా, తోటమాలి ఇంకొక యేడు గడువడిగి, చుట్టు త్రవ్వి ఎరువు వేతుననెను. చూచితిరా? కూలిన గోపురమును గూర్చి అడిగినవారికి ప్రభువు చూపినది పారయు, ఎరువును! ఉద్దానపు రైతుకు ఈ పాఠము వేరుగా విప్పి చెప్పవలెనా?

ఇంకొక మాట. ఆ ఉద్దానములోనే ఎందరో మూత్రపిండముల వ్యాధితో ఏండ్ల తరబడి బాధపడుచున్నారు. వైద్యులు ఎంతో పరిశోధించినను ఇదియే కారణమని ఒక్కదానిని తేల్చలేకపోయిరి. వైద్యులే తేల్చని కారణమును మనము అరుగుమీద కూర్చుండి "పాపఫలము" అని తేల్చివేయుచున్నాము! పుట్టుగ్రుడ్డివానిని చూచి, పాపము వీనిదా, తలిదండ్రులదా అని శిష్యులు అడిగిరి. ప్రభువు ఆ లెక్క వ్రాయలేదు. బురద చేసి వాని కన్నులకు పూసెను. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండముల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రము తెరచిరి. హిరమండలము జలాశయపు నీటిని ఉద్దానపు ఊళ్లకు తెచ్చు పథకమును అప్పుడే ప్రారంభించిరి. రోగిని నిందించు నోటికంటె రోగి దప్పి తీర్చు కొళాయి క్రీస్తు పనికి దగ్గరగా నున్నది.

"ప్రవక్తలు తెగులును, మిడుతలను దేవుని హెచ్చరికగా చెప్పలేదా?" అని మీరడుగవచ్చును. చెప్పిరి. అయితే యోవేలు ఆ మాటను పొరుగు ఊరివైపు వ్రేలు చూపి చెప్పలేదు. తన జనముతోనే చెప్పి, తన యాజకులనే ఏడ్వుమనెను. హెచ్చరిక వినవలెనా? వినుడి, మీ చెవితో, మీ కొరకు వినుడి.

పొందూరులో ఖద్దరు నూలు వడకు స్త్రీలను చూచితిరా? వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనగా చేసికొని, దాని సన్నని పళ్లతో పత్తిలోని నలుసులను తీయుదురు. ఆ తరువాతనే సన్నని నూలు వచ్చును. ఆమె ఆ దువ్వెనను తన చేతిలోని పత్తికే పెట్టును గాని పొరుగామె తలకు పెట్టదు. తుఫాను నేర్పు పాఠము కూడ అట్టి దువ్వెనయే. దానిని మన హృదయమునకు పెట్టుకొందము: నేను ఎవరికి బాకీ పడితిని? ఎవరితో మాటలాడుట మానితిని? ఎవరి కూలి పట్టి ఉంచితిని?

ఆశ్వయుజ కార్తీకములు మరల వచ్చును. సముద్రము మరల పొంగును. ఆనాడు మందిరపు తలుపు ఊరందరికి తెరువుడి. కులము, మతము అడుగకుడి. మీ ఇంటి కప్పు కంటె ముందు పొరుగు విధవరాలి కప్పు చూడుడి. ఆసుపత్రికి పోవలసిన రోగికి తోడుగా బస్సెక్కుడి. పడిన చెట్టు ప్రక్కన నిలిచి ప్రసంగము చేయకుడి. గుంట త్రవ్వి, గెత్తము వేసి, క్రొత్త మొక్క నాటుడి. అది కాపునకు వచ్చునాటికి దాని నీడను కూర్చుండువాడు విశ్వాసియా, అవిశ్వాసియా అని ఆ చెట్టు అడుగదు. దానిని చేసిన దేవుడును నీడ ఇచ్చుటకు ముందు అడుగలేదు.