జమునకు బుద్ధి వచ్చిందట!

'గుండమ్మ కథ'ను పెళ్లీడు ఆడపిల్లలకు నీతిపాఠంలా చూపించడం ఇక మానండమ్మా. "చూడవే, పొగరుబోతు జమునకు ఎట్లా బుద్ధొచ్చిందో!" అని మా చుట్టాల్లో ఎవరో ఒకరు అనకుండా ఆ సినిమా అయిపోదు. మీ ఇళ్లలోనూ ఇదే వరస కదూ? నాకైతే ఒళ్లు మండుతుంది.

ముందే చెప్తున్నా, ఆ సినిమా అంటే నాకు ప్రాణం. ఘంటసాల పాటలు వింటూ ఎన్ని చెనక్కాయలు ఒలిచానో లెక్కలేదు. 1962లో ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీఆర్ ముగ్గుర్నీ పెట్టుకుని సూర్యకాంతం పాత్ర పేరు సినిమాకు పెట్టారు చూడండి, నాగిరెడ్డి చక్రపాణిల ఆ ధైర్యమూ నాకిష్టమే. నా గొడవల్లా ఆ పాఠంతోనే.

ఒక్కసారి అందులో ఇంటిపనిని మాత్రమే చూడండి. సావిత్రి తెల్లారింది మొదలు చాకిరీ చేస్తుంది. అయ్యో అంటాం, ఎంత గుణవంతురాలో అంటాం. నౌకరు వేషంలో వచ్చిన ఎన్టీఆర్ పాట పాడుతూ పిండి రుబ్బుతాడు. మురిసిపోతాం. అదే చాకిరీ జమున నెత్తిన పడితే మాత్రం శిక్ష, తిక్క కుదిరిందని చప్పట్లు! ఒకే పని ఒకరికి సుగుణం, ఒకరికి సరసం, ఒకరికి శిక్ష ఎట్లా అయింది? తేలికైన పనే అయితే అది శిక్ష ఎట్లా అవుతుంది? బరువైనదే అయితే సావిత్రి మాత్రం నోరు మూసుకుని ఎందుకు చెయ్యాలి?

జమునది నోటిదురుసే, అక్కను చులకనగా చూసిన మాటా నిజమే. దానికి మందు మొగుడి నాటకమా? ఏఎన్నార్ పెళ్లయ్యాక తాగుబోతులా, చిల్లిగవ్వ లేనివాడిలా నటించి ఆమెను తోటపనిలోకి దింపుతాడు. ఇంత ఆస్తి ఉండి! మామగారికి తెలుసు, బావగారికి తెలుసు, హాల్లో కూర్చున్న మనకూ తెలుసు. ఆమెకొక్కదానికే తెలియదు. ఇదే మోసం మన కూతురికి జరిగితే నలుగురిని పిలిచి పంచాయితీ పెట్టమూ?

ఇదేమీ మన ఒక్కరి జబ్బు కాదు. సినిమాకు మూలం 1958 నాటి కన్నడ చిత్రం 'మనె తుంబిద హెణ్ణు'. జమున కథలో మాత్రం షేక్‌స్పియర్ 'టేమింగ్ ఆఫ్ ది ష్రూ' ఛాయలున్నాయని చాలామంది చెప్పేదే. ఆ నాటకం చుట్టూ అల్లిన పాటల సినిమాను హాలీవుడ్ వాళ్లు 1953లో 'కిస్ మీ కేట్' పేరుతో తీశారు. అందులో హీరో హీరోయిన్‌ను ఒళ్లో బోర్లా వేసుకుని బాదుతాడు. అదీ నవ్వులాటేనట. దానితో పోలిస్తే మన ఏఎన్నార్ దేవుడే అనుకోండి!

ఇక గుండమ్మ. సవతి కూతుర్ని పనిమనిషిని చెయ్యడం తప్పే, నేను వెనకేసుకురాను. కానీ మొగుడు పోయాక ఇల్లూ ఆస్తీ ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి ఆమె. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు, గయ్యాళితనమే గుర్తుంటుంది. మా మడకశిరకు దాదాపు మూడు దిక్కులా కర్ణాటకే. అక్కడ గుండప్ప, గుండమ్మ మామూలు పేర్లు. మా దగ్గర మాత్రం అది తిట్టు. మా వీధిలో ఒకావిడ, భర్త లేదు, మల్బరీ తోట తనే చూసుకుంటుంది. కూలి లెక్క పైసాతో సహా అడుగుతుంది. ఈ కరువులో బోరు నీళ్ల వంతు ఒక్కపూట కూడా మరుదులకు వదల్లేదు. ఆవిడ వెనకాల వాళ్లు పెట్టిన పేరేమిటో మీకు నేను చెప్పాలా?