బియ్యం ఇస్తే తిండి పెట్టినట్టేనా?

"పేదలకు బియ్యం ఇస్తున్నాం, ఇంకేం కావాలి?" నలభై ఏళ్ళుగా ఈ మాట వింటున్నాం. 1983లో కిలో రెండు రూపాయలన్నారు. 1996లో మూడున్నర చేశారు. 2008లో మళ్ళీ రెండు, 2011లో రూపాయి. 2023 జనవరి నుంచి ఉచితం. పార్టీలు మారాయి, ధర మారింది, సంచిలో ఉన్నది మాత్రం ప్రధానంగా బియ్యమే. మధ్యలో రేషన్ కార్డుకు "బియ్యం కార్డు" అని పేరు కూడా పెట్టారు. పేదల తిండి అంటే పాలకుల దృష్టిలో ఏమిటో ఆ పేరులోనే తెలిసిపోతుంది.

బియ్యం వద్దని నేను అనడం లేదు. గంజితో రోజులు గడిపిన తల్లులు ఇంకా మన మధ్యే ఉన్నారు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి, ఐదేళ్ళలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. 2015-16 సర్వేలో పిల్లల సంఖ్య 58.6 శాతం. అంటే తగ్గకపోగా పెరిగింది. కడుపు నిండుతోంది, ఒంట్లో రక్తం మాత్రం లేదు.

సంఘం పని మీద నేను తెనాలి, బాపట్ల, రేపల్లె బస్తీల్లో తిరుగుతుంటాను. ఈ మూడు ఊళ్ళ చుట్టూ తిండికి కరువు లేదు. కొల్లిపర వైపు లంకల్లో అరటి, కూరగాయలు పండుతాయి. మాగాణుల్లో వరి కోశాక మినుము వేస్తారు. నిజాంపట్నం రేవు నుంచి మంచి చేప ఐసు పెట్టెల్లో దూరాలకు వెళుతుంది. దేశమంతా తినే సాంబ మసూరి 1986లో బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచే వచ్చింది. ఈ పొలాల్లో కలుపు తీసేదీ, మినుము పీకేదీ, రొయ్యల తలలు ఒలిచేదీ మన బస్తీ ఆడవాళ్ళే. సాయంత్రం వాళ్ళింట్లో చారూ, పచ్చడి మెతుకులూ.

ఎందుకని? తెల్లవారకముందే ఆటో ఎక్కి కూలికి పోయిన మనిషి చీకటి పడ్డాక ఇల్లు చేరుతుంది. మార్కెట్టుకు పోతే రానూ పోనూ చార్జీలు, మిగిలినవి వాడిపోయిన కూరలు. రైతు బజార్లు 1999లో మొదలయ్యాయి, మంచిదే. కానీ అక్కడ చేతిలో డబ్బుంటేనే బేరం. బస్తీ కొట్టువాడు అరువిస్తాడు కాబట్టి అక్కడికే పోవాలి. అతని దగ్గర ఉండేవి ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, చిన్న నూనె ప్యాకెట్లు, పిల్లల్ని ఊరించే అయిదు రూపాయల చిప్సు. చిన్న ప్యాకెట్లలో కొంటే ధర ఎక్కువే పడుతుందని ఆమెకు తెలుసు. నెలకు సరిపడా ఒక్కసారి కొనడానికి కూలి డబ్బులు ఏ రోజుకారోజు వస్తాయే!

ఇదంతా వదిలేసి మనకు పాఠాలు చెబుతారు. 2018 నుంచి ఏటా సెప్టెంబరులో పోషణ మాసం. గోడకు రంగుల చార్టు, "ఆకుకూరలు తినండమ్మా" అని ఉపన్యాసం. ఆకుకూర బలమని తెలియని ఆడది ఎవరు? అవగాహన లేదనడం తేలిక. కూలి పెంచడం, బస్తీకి కూరలు చేర్చడం కష్టం.

మరో మాట, బియ్యంలోనే ఇనుము కలిపి ఇస్తున్నామని. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించిన పథకమిది. మిల్లులో పాలిష్ పట్టి పోషకాలున్న తవుడును దాణాకూ నూనెకూ పంపేసి, తర్వాత పొడి కలిపితే సరిపోతుందా? గింజల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే తోడుగా నిమ్మకాయో ఉసిరికాయో, తాజా కూరో కావాలి. ఆకలి చంపుకోవడానికి మన ఆడవాళ్ళు తాగే టీ ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

ఇంట్లో జరిగేది కూడా దాచొద్దు. 2013 ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డులో ఇంటి పెద్ద స్త్రీనే యజమానిగా రాయమంది. కార్డులో మొదటి పేరు ఆమెది, కంచం మాత్రం చివరిది. మగవాడికీ కొడుక్కీ పెట్టాక గిన్నెలో మిగిలిందే ఆమె భోజనం. గర్భిణికి గుడ్లు, పాలు పొడి సరుకుగా ఇంటికి పంపితే అవీ అందరికీ పంపకమైపోతాయి. అంగన్‌వాడీలో కూర్చోబెట్టి వేడిగా వడ్డిస్తే ఆ ముద్ద ఆమె నోట్లోకే పోతుంది.

అన్న క్యాంటీన్లు 2018లో తెరిచారు, 2019లో మూశారు, 2024లో మళ్ళీ తెరిచారు. దయ మీద నడిచేది ఎప్పుడైనా ఆగిపోవచ్చు. అయిదు రూపాయల భోజనానికి కూడా చట్టం అండ ఉండాలి. నేను చూసినంతలో ఆ వరుసల్లో మగవాళ్ళే ఎక్కువ. ఇంటిల్లిపాదికీ వండే బాధ్యత మెడకు ఉన్న మనిషి తానొక్కతే వెళ్ళి ఎలా తింటుంది?

మరేం చెయ్యాలి? రేషన్‌లో ఇచ్చే సరుకుల రకాలు పెంచాలని ఆహార భద్రతా చట్టం 12వ సెక్షన్‌లోనే ఉంది. తమిళనాడు 2007 నుంచి కందిపప్పు, పామోలిన్ తక్కువ ధరకు ఇస్తోంది. పక్క రాష్ట్రానికి చేతనైంది మనకు ఎందుకు కాదు? పప్పు, నూనె, చిరుధాన్యాలు ప్రతి నెలా, ప్రతి కార్డుకూ, హక్కుగా రావాలి.

ఆరేళ్ళలోపు పిల్లలు నలభై మంది ఉండి అంగన్‌వాడీ లేని బస్తీ అడిగితే మూడు నెలల్లో కేంద్రం పెట్టాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఆదేశించింది. అడగడమంటే మనం రాసి ఇవ్వడమే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ కమిటీలో కనీసం నలభై శాతం వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. ఆ కమిటీలో మన కూరల బండ్ల ఆడవాళ్ళు కూర్చుంటే, కూలి వాళ్ళు ఇళ్ళకు చేరే సాయంత్రం వేళ బస్తీ మొదట్లో కూరల సంత పెట్టించుకోవచ్చు. తరిమికొట్టే పోలీసును అక్కడే నిలదీయవచ్చు.

కార్యకర్తలు ముందు ఒక పని చెయ్యండి. మీ బస్తీలో ఆరేళ్ళలోపు పిల్లల్ని లెక్కపెట్టండి. తల్లుల సంతకాలతో దరఖాస్తు రాసి మునిసిపల్ ఆఫీసులోనూ, అంగన్‌వాడీ అధికారి దగ్గరా ఇచ్చి రసీదు తీసుకోండి. మూడు నెలల గడువు ఆ తేదీ నుంచే లెక్క.